పనస పలకపై జాలీ పని: రంధ్రమున రంపమును దూర్చు విధము

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసకు చేరువలో తీరమును దాటినప్పుడు, ఉద్దానములోని కొబ్బరి, జీడి, పనస తోటలు విస్తారముగా నేలకొరగినవి. ఈ తీరమునకు తుపానులు కొత్తవి కావు. పడిన చెట్టును తిరిగి నిలుపలేము. కాని దాని కలపను పొయ్యిలోనికి పంపుటయా, పనికి తెచ్చుటయా అనునది మన చేతిలోనున్నది. పనస కలప ఎంత మేలైనదో బొబ్బిలి వీణలే సాక్ష్యము. అదే కలపను పలుచని పలకలుగా కోయించి కిటికీలకు, వెంటిలేటర్లకు, పూజామందిరములకు జాలీలు చేయవచ్చును. ఉలి, బాడిస, చిత్రిక పట్టిన మన వడ్రంగులు ఇందుకు కొత్తగా నేర్వవలసినది కొద్దిపాటియే.

పలక అంచును తెగనీయక నడుమనున్న ఆకునో, పువ్వునో తొలగించుట ఎట్లు? రంధ్రము చేసి, రంపపు బ్లేడును ఒక కొన విప్పి, ఆ రంధ్రము గుండా దూర్చి, మరల బిగించి కోయవలెను. ఈ పనిలోని కిటుకంతయు ఇదియే.

పలకను సిద్ధపరచుట

పచ్చి కలప బ్లేడును పట్టివేయును, పిదప వంగిపోవును. కావున పలకల నడుమ బద్దలుంచి, గాలి తగులు నీడలో పేర్చి, బాగుగా ఆరిన తరువాతనే వాడవలెను. నమూనాను కాగితముపై గీసి పలకకు అతికించి, తొలగింపవలసిన భాగములను గీతలతో నింపవలెను. మిగులవలసిన భాగములన్నియు ఒకదానితో నొకటి కలిసియున్నవో లేవో అప్పుడే చూచుకొనవలెను. లేనిచో నిలువవలసిన ముక్క రాలిపోవును.

తొలగించు ప్రతి భాగమునకు ఒక రంధ్రము కావలెను. దానిని గీతపై గాక, గీతకు దగ్గరగా వ్యర్థభాగములోనే తొలువవలెను. క్రింద పనికిరాని చెక్క నుంచి తొలిచినచో అడుగున పెచ్చులూడవు. కొనలకు అడ్డసీల లేని సన్నని బ్లేడుకు సుమారు 1.5 మిల్లీమీటర్ల రంధ్రము చాలును. సీల గల బ్లేడుకు పెద్ద రంధ్రము కావలెను. అడుగున లేచిన పొట్టును గరుకు కాగితముతో తీసివేసిన గాని పలక బల్లపై సమముగా కూర్చుండదు.

బ్లేడును దూర్చుట

విద్యుత్తుతో నడచు స్క్రోల్ రంపమైనచో మొదట స్విచ్చి ఆపి, ప్లగ్గు తీయవలెను. బ్లేడు బిగువును సడలించి, పై కొనను విప్పి, రంధ్రము గుండా బ్లేడు వచ్చునట్లు పలకను దింపవలెను. బ్లేడు పండ్లు క్రిందికి చూచుచుండవలెను. తలక్రిందులైనచో అవి పలకను పైకి ఎగరవేయును. బిగించిన బ్లేడును వ్రేలితో మీటినచో స్పష్టమైన నాదము రావలెను. వదులు బ్లేడు దారి తప్పును. మితిమీరి బిగించినది తెగును.

ఒక భాగము తెగిన పిదప మరల విద్యుత్తు ఆపి, బ్లేడు విప్పి, తరువాతి రంధ్రమునకు పోవలెను. నలుబది రంధ్రములున్న జాలీకి నలుబది మార్లు ఇట్లే చేయవలెను. ఇందు తొందర కూడదు. లోపలి కోతలు ముందుగను, వెలుపలి అంచు చివరగను కోసినచో పలకకు బలమును, చేతికి పట్టును ఉండును. కండ్లకు అద్దములు, ముక్కునకు గుడ్డ తప్పనిసరి. కరెంటు లేనిచోట చేతి ఫ్రెట్ రంపముతోను ఇదే పని చేయవచ్చును. అందు బ్లేడు పండ్లు పిడివైపు ఉండవలెను.

పంచాయతీ చేయదగినది

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకమున వడ్రంగులకు శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల వరకు సహాయము ఏర్పరుపబడినవి. దరఖాస్తుల మొదటి పరిశీలన గ్రామ పంచాయతీ స్థాయికే అప్పగింపబడినది. అచ్చట కాగితము నిలిచిపోయినచో వడ్రంగి పనియు నిలిచిపోవును. కావున సభ్యులు తమ గ్రామమందలి వడ్రంగుల పేర్లను సమావేశములో విచారించి, అర్హులైనవారి దరఖాస్తులను జాగు లేక పరిశీలింప జేయవలెను. పంచాయతీ కార్యాలయపు వెంటిలేటరుకు కావలసిన మొదటి జాలీని ఊరి పనివానికే అప్పగించినచో, పనస దుంగ విలువ ఊరివారందరికిని కన్నులారా కనబడును.