ఆదర్శం మన వీధిలోనే

ఆటలో రాణించాలని కలలు కనే పిల్లవాడి చూపు ముందుగా టీవీలో కనిపించే తారల మీద పడుతుంది. అక్కడ అతనికి విజయం కనిపిస్తుంది గాని, దాని వెనుక శ్రమ కనిపించదు. తన వీధిలో పెరిగిన ఆటగాడి ఇల్లు, తండ్రి సంపాదన, ఓటములు మాత్రం అందరికీ తెలిసినవే.

హైదరాబాదులోని ఫస్ట్ లాన్సర్ పిల్లలకు ముహమ్మద్ సిరాజ్ అలాంటివాడు. తండ్రి ముహమ్మద్ గౌస్ ఆటో నడుపుతూ కుమారుని ఆటకు అండగా నిలిచారు. 2020 నవంబరులో ఆయన మరణించేనాటికి సిరాజ్ భారత జట్టుతో ఆస్ట్రేలియాలో ఉన్నాడు. ఇంటికి వెళ్ళే అవకాశమిచ్చినా, తండ్రి కలను నెరవేర్చాలని ఆగిపోయాడు. 2021 జనవరిలో బ్రిస్బేన్ టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో 5 వికెట్లు తీశాడు. తిరిగి రాగానే విమానాశ్రయం నుండి నేరుగా తండ్రి సమాధి వద్దకు వెళ్ళాడు. హలాల్ సంపాదన, సహనం, కృతజ్ఞత అంటే ఏమిటో పిల్లలకు బోధించడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

దైవప్రవక్త (స) హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగు పందెంలో పాల్గొన్నారు. కనుక ఆటను వ్యర్థమని తోసిపుచ్చకండి. నమాజును, చదువును మరిపించనీయకండి.

అయితే ఆడిన ప్రతివారూ సిరాజ్ కాలేరు. జిల్లా స్థాయి వరకు ఆడి, నేడు చిన్న దుకాణం నడుపుకునే పెద్దమనిషి మీ మొహల్లాలోనూ ఉండవచ్చు. పిల్లవాణ్ణి ఆయన వద్దకు కూడా పంపండి. జట్టులో చోటు దక్కని రోజున తిరిగి ఎలా నిలబడ్డారో అడగమనండి. ఆ పాఠం ఎక్కువమంది పిల్లలకు అవసరమవుతుంది.