కడలి ఊపిరితో విద్యుత్తు

తిరువనంతపురమునకు దక్షిణముగా విళింజమను జాలరుల రేవున్నది. పడవలకు రక్షణగా అచ్చట సముద్రములోనికి పెద్ద అడ్డుకట్ట కలదు. 1991లో దానికి కొంత యెడముగా, సుమారు 3000 టన్నుల కాంక్రీటు గదిలో ఒక విద్యుత్కేంద్రము పని ప్రారంభించెను. అలలనుండి విద్యుత్తు తీయుటకై మద్రాసు ఐ.ఐ.టి. వారు రూపొందించినదది. భారతదేశమున ఇట్టిది అదియే మొదటిది.

అలలు చక్రమును త్రోయుచుండునని వినగానే తోచును. నిజమట్లు కాదు. చక్రమును తిప్పునది నీరు కాదు, గాలి. గది యడుగుభాగము నీట మునిగి సముద్రమునకు తెరచియుండును. అల వచ్చినపుడు లోని నీటిమట్టము లేచి పైనున్న గాలి నొత్తును. ఆ గాలి కప్పునగల గొట్టముగుండ వెలికి పరుగిడును. అల వెనుదీసినపుడు మట్టము పడిపోవును; వెలుపలి గాలి అదే దారిని లోనికి వచ్చును. కమ్మరి కొలిమితిత్తి పనియు ఇంచుమించుగ నిట్టిదే గదా! ఇచ్చట తిత్తి నొత్తువాడు సముద్రుడు.

చిక్కు ఇచ్చటనే యున్నది. గాలి ఒకసారి ఇటును, ఒకసారి అటును వీచినచో సాధారణమైన చక్రము ముందునకు కొంత, వెనుకకు కొంత తిరుగును. కవాటములు అమర్చవచ్చును గాని ఉప్పుగాలిలో అవి యెన్నాళ్లు నిలుచును? 1970ల నడుమ బెల్‌ఫాస్టు క్వీన్స్ విశ్వవిద్యాలయమున ఆలన్ వెల్స్ దీనికి ఉపాయము కనుగొనెను. ఆయన చక్రపు రెక్కలకు ఇరుప్రక్కల నొకే వంపు. గాలి ఎటు వీచినను అది ఒకే దిక్కునకు తిరుగును. విద్యార్థులకు నల్లబల్లపై గీసి చూపదగిన విషయమిది. అయితే నిలిచినచోటనుండి తనంతట కదలుటకు ఆ చక్రము మొరాయించును. గాలి మితిమీరి వీచెనా, బలము పెరుగుటకు మారు తరుగును.

విళింజపు యంత్రమునకు గరిష్ఠశక్తి 150 కిలోవాట్లు. అంత గదికి ఇంతే ఫలమా యని అడుగువారు అడుగవచ్చును. నైరృతి ఋతుపవనకాలమున అలలు ఉద్ధృతములు, పిదప మందములు. అంతేకాక ఒక అలకును మరియొక అలకును నడుమనే విద్యుత్తు పెరుగుచు తరుగుచు నుండును. దానిని సరాసరి తీగల కెక్కించుట సులభము కాదు. 2004లో ఆ విద్యుత్తుతో కడలినీటిని మంచినీరుగ మార్చి చూచిరి. నీటిని నిలువ చేసికొనవచ్చును గనుక ఈ యుపయోగమే ఎక్కువ యుక్తముగ తోచును. 2011లో ఆ కేంద్రపు పని ముగిసెను.

అదే సంవత్సరమున స్పెయిను దేశపు ముత్రికు రేవులో 16 వెల్స్ చక్రములు తిరుగనారంభించెను. వాని మొత్తము శక్తి 296 కిలోవాట్లు. విళింజమునకు రెట్టింపు కూడ కాదు. కాని అచ్చట గదులను వేరుగ కట్టలేదు. రేవునకు ఎట్లును కావలసిన అడ్డుకట్టలోనే వానిని ఇమిడ్చిరి.