మూకుట్లో నూనెకు లెక్క ఉంది, పైకి లేచే పొగకు లేదు

టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటిన వంటనూనెను వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ విధించిన నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. పిండిలోని తడి, గాలిలోని ఆక్సిజన్, పొయ్యి వేడి కలిసి నూనెలోని ట్రైగ్లిజరైడ్లను విరగ్గొట్టగా పుట్టే కొవ్వు ఆమ్లాలను, డైగ్లిజరైడ్లను, ఆక్సీకరణతో మారిన అణువులను, అవి పెనవేసుకుని ఏర్పడే జిగట పదార్థాలను కలిపి ఈ పేరుతో వ్యవహరిస్తారు. ఇవి పెరిగిన నూనె వల్ల రక్తపోటు, రక్తనాళాలు గట్టిపడటం, కాలేయ వ్యాధుల ముప్పు ఉంటుందని ఆ సంస్థ హెచ్చరిస్తోంది.

బజ్జీల మూకుడు దగ్గర ఈ మార్పు కంటికే తెలుస్తుంది: నూనె చిక్కబడుతుంది, పిండి జారవిడవగానే లేచిన నురగ త్వరగా అణగదు, మునుపటి కన్నా తక్కువ వేడికే పొగ వస్తుంది. రంగును మాత్రం నమ్మలేము, రాలిపడిన శనగపిండి మాడినా నూనె నల్లబడుతుంది కాబట్టి, తనిఖీకి నూనెలో ముంచి శాతం చూసే చేతి మీటరు కావాలి. పాత నూనెలో కొత్తది కలిపితే శాతం తగ్గినట్టు కనిపిస్తుందే గాని పాత పదార్థాలు అందులోనే ఉండి, కొత్త నూనెనూ త్వరగా పాడుచేస్తాయి. రోజుకు 50 లీటర్లకు మించి వేపుళ్లకు వాడే సంస్థలు 2019 మార్చి 1 నుంచి నూనె వాడకం రికార్డు రాయాలి. వీధి బండికి 25 శాతం హద్దు వర్తిస్తుంది గాని ఆ రికార్డు లేదు.

ఈ లెక్కలోకి రానిది పొగ. బాగా కాగిన నూనె నుంచి అక్రోలిన్ వంటి ఆల్డిహైడ్లతో పాటు 2.5 మైక్రాన్లకు మించని కణాలు గాలిలో కలిసి, ఊపిరితిత్తుల లోతుల వరకూ చేరతాయి. మూకుడు ముందు పూటంతా నిలబడే మనిషి ఒక్క బజ్జీ తినకపోయినా ఈ పొగ పీలుస్తూనే ఉంటాడు.

1994లో, వేపుళ్లలో ఏర్పడే రసాయనమైన అక్రిలమైడ్‌ను, 2010లో ప్రచురించిన తన నివేదికల 95వ సంపుటిలో అధిక వేడి వేపుళ్ల పొగను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ క్యాన్సర్ కారకాలయ్యే అవకాశమున్న 2ఎ వర్గంలో చేర్చింది. ఆహారంలో అక్రిలమైడ్ ఉందని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2002లో బయటపెట్టారు.

ఇంటి వంటకు

• బంగాళాదుంపలోని ఆస్పరజిన్, చక్కెరలు 120 డిగ్రీలు దాటిన వేడికి కలిసి అక్రిలమైడ్‌గా మారతాయి. ముక్కలు బంగారు రంగుకు రాగానే దించాలి.
• వేపుడుకు వాడే దుంపలను ఫ్రిజ్‌లో పెడితే చక్కెరలు పెరుగుతాయి.
• నూనె పొగలు కక్కక ముందే మంట తగ్గించి, కిటికీ తెరవాలి.

ఒక పూట తిన్న పునుగులతో జబ్బు రాదు, ఏళ్ల తరబడి వాడిన నూనెతోనూ పీల్చిన పొగతోనూ ముప్పు పేరుకుంటుంది. వాడిన నూనెను బయోడీజిల్‌కు మళ్లించడానికి 2018 ఆగస్టులో మొదలైన రూకో పథకం వీధి బండి దాకా రావాలి, నూనె పారబోస్తే వచ్చే నష్టం చిన్న వ్యాపారి ఒక్కడి మీదే పడకూడదు, తనిఖీకి వచ్చే అధికారి మూకుట్లోని నూనెతో పాటు పైనున్న పొగగొట్టాన్నీ చూడాలి.