ఇల్లు ఖాళీ చేసే ముందు: పసుపు మరకా, డిపాజిట్టూ

(ఆదివారం ఉదయం తెలుగు కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగానికి అక్షరరూపం)

బడులకు వేసవి సెలవులు ఇచ్చారంటే మన బే ఏరియాలో ఎవరో ఒకరు ఇల్లు మారుతూనే ఉంటారు. కొత్తింట్లో పాలు పొంగించడానికి మంచిరోజు చూసుకుంటాం, ఇండియాకి ఫోన్ చేసి మరీ ముహూర్తం అడుగుతాం. పాతిల్లు ఎలా అప్పగించాలన్నది మాత్రం ఆఖరి రాత్రి దాకా గుర్తు రాదు. ఈ వారం దాని గురించి చెప్పమన్నారు. శుభ్రం చెయ్యడంలో నేనేమీ ఆరితేరినదాన్ని కాదండీ. డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నదాన్ని.

2009లో మేము ఫ్రీమాంట్‌లో మూడేళ్ళున్న అపార్ట్‌మెంటు ఖాళీ చేశాం. డిపాజిట్ 600 డాలర్లు. సామానంతా ట్రక్కుకెక్కించేసరికి రాత్రి తొమ్మిదయింది. పొద్దున్నే తాళాలు ఇచ్చెయ్యాలి. అప్పుడు చేతిలోకి స్పాంజి తీసుకున్నాను. పొయ్యి పక్కన గట్టు మీద పోపుల డబ్బా పెట్టుకునే చోట గుండ్రంగా పసుపు మరక ఉంది. మూడేళ్ళూ దాని మీద డబ్బా ఉండటంతో ఎప్పుడూ కంటపడలేదు. అమ్మోనియా ఉన్న స్ప్రే కొట్టాను. చూస్తుండగానే మరక ఎర్రగా అయిపోయింది! మరింత కొట్టాను, మరింత ఎరుపెక్కింది. నాకు చెమటలు పట్టాయి. అలాగే వదిలేసి వెళ్ళిపోయాం.

తర్వాత చెక్కుతో పాటు ఒక కాగితం వచ్చింది. వంటిల్లు శుభ్రానికి 140, కార్పెట్‌కి 185, గట్టు మరకకి 60. మా చేతికొచ్చింది 215 డాలర్లు. డబ్బు సంగతి అటుంచితే, ఆ కాగితంలో వంటింటి గురించి రాసిన మాటలు చదువుతుంటే తల కొట్టేసినట్టయింది. ఇంట్లో కాళ్ళకి చెప్పులు కూడా వేసుకోం, మనల్ని పట్టుకుని ఇల్లు మురికి చేశారంటారా అని రెండు రోజులు అన్నం సహించలేదు. ఎదురు చెబుదామంటే చేతిలో ఒక్క ఫోటో లేదు.

అమ్మకి ఫోన్‌లో చెబితే నవ్వింది. "ఏమే, పారాణి ఎలా కలుపుతారో మర్చిపోయావా? పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడదూ?" అంది. అక్కడుంది అసలు కిటుకు. సున్నం లాగే అమ్మోనియా, బేకింగ్ సోడా, కొన్ని సబ్బులు కూడా క్షారాలే. అవి తగిలితే పసుపు ఎర్రబడుతుంది. అంటే మరక ముదిరిందని కాదు. నీళ్ళతో కడిగేసి కాస్త వెనిగర్ అద్దితే మళ్ళీ పచ్చబడుతుంది. ఇక ఆ పచ్చదనం పోగొట్టేది ఎండ. పసుపులోని రంగు వెలుతురుకి నిలవదు. పసుపంటిన చీర ఎండలో ఆరేస్తే వెలిసిపోవడం మనమంతా చూసినదే కదా! కిటికీ పక్క గట్టయితే బ్లైండ్స్ పైకెత్తి కొన్ని రోజులు ఎండ పడనివ్వండి. ఎండ రాని చోటయితే మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో పేపర్ టవల్ తడిపి, మరక మీద కొన్ని గంటలు పరిచి ఉంచండి. ముందుగా ఎవరికీ కనబడని మూల ఒకసారి వేసి చూసుకోండి. రాతి గట్టయితే వెనిగర్ మాత్రం వద్దు, మెరుపు పోతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఆఖరి రాత్రి హడావిడిలో చేతికందిన సీసాలన్నీ కలిపి పోస్తాం. బ్లీచ్‌లో వెనిగర్ గానీ అమ్మోనియా గానీ కలిస్తే విషవాయువు పుడుతుంది. చిన్న బాత్‌రూమ్‌లో తలుపేసుకుని ఆ పని చేస్తే ప్రాణం మీదికొస్తుంది. ఒకటి వాడితే పూర్తిగా కడిగి, కిటికీ తెరిచాకే రెండోది.

పసుపు తర్వాత మన రెండో శత్రువు నూనె. రోజూ పోపు పెడతాం, వారానికోసారి అప్పడాలో వడియాలో వేయిస్తాం. ఆ ఆవిరి పైకి లేచి పొయ్యి మీది ఫ్యాన్ జాలీకీ, అలమరల పైభాగానికీ, బ్లైండ్స్‌కీ పట్టి, దుమ్ముతో కలిసి బంకలా గట్టిపడుతుంది. మేనేజరు తలుపు తియ్యగానే "కర్రీ స్మెల్" అని ముక్కు చిట్లించేది చాలావరకు ఈ బంక వల్లే. అగరొత్తులు వెలిగిస్తే పోదు, ఇంకో వాసన తోడవుతుంది అంతే. జాలీ ఊడదీసి, సింకులో మరిగిన నీళ్ళు, గిన్నెలు తోమే సబ్బు వేసి అరగంట నాననివ్వండి. అది చాలావరకు అల్యూమినియమే కాబట్టి సోడా ఎక్కువ వేస్తే నల్లబడుతుంది. అలమరల పైన కుర్చీ వేసుకుని ఎక్కి చూడండి. నేను మూడేళ్ళలో ఒక్కసారీ చూడలేదు.

కాయిల్ పొయ్యి అయితే బర్నర్ల కింద చిన్న గిన్నెలుంటాయి. పాలు పొంగి, పప్పు పొంగి నల్లగా మాడిపోయిన వాటిని తోముతూ కూర్చోకండి, సైజు చూసుకుని కొత్తవి కొనడమే చవక. ఓవెన్‌కి సెల్ఫ్ క్లీన్ ఉంది కదా అని ఆఖరి రోజు నొక్కకండి. అది విపరీతంగా వేడెక్కుతుంది. ఆ వేడికి ఏదైనా పాడయితే బాగుచేయించుకునే వ్యవధి మీకుండదు. మన ఇళ్ళలో ఓవెన్ ఎలాగూ మూకుళ్ళు దాచుకునే అలమరే. ముందు వాటిని బయటికి తియ్యడం మర్చిపోకండి.

దేవుడి మూల సంగతి. కుంకుమ కార్పెట్ మీద పడితే తడిగుడ్డతో తుడవొద్దు, పాకిపోతుంది. ముందు పొడిగా వాక్యూమ్ చెయ్యాలి. హారతి మసి కప్పుకి పట్టి ఉంటే సబ్బునీళ్ళతో పైపైన తుడవండి. క్యాలెండర్ మేకుల రంధ్రాలకి కొంచెం స్పాకిల్ పూస్తే సరిపోతుంది. గోడకి సొంతంగా రంగు వెయ్యకండి. మన తెలుపూ వాళ్ళ తెలుపూ ఎప్పుడూ కలవవు.

ఇదంతా ఎంతవరకు చెయ్యాలి? కాలిఫోర్నియా చట్టం ప్రకారం మనకి ఇల్లిచ్చినప్పుడు ఎంత శుభ్రంగా ఉందో అంత శుభ్రంగా అప్పగిస్తే చాలు. కొత్తదానిలా చెయ్యనక్కర్లేదు. మామూలుగా ఉంటే వచ్చే అరుగుదలకి, అంటే నడిచిన దారిలో కార్పెట్ పలచబడటం, ఎండకి రంగు వెలవడం లాంటివాటికి డిపాజిట్లో కొయ్యకూడదు. ఒకవేళ కార్పెట్ నిజంగానే మనం పాడుచేసినా, పదేళ్ళు మన్నే కార్పెట్‌కి అప్పటికే ఎనిమిదేళ్ళు నిండితే, మిగిలిన రెండేళ్ళ విలువే మనది. అంటే ఐదో వంతు. మా 185 డాలర్ల కార్పెట్ మేం చేరేనాటికే పాతది. ఆ మాట అడగాలని నాకప్పుడు తెలీదు.

తెలియని సంగతి ఇంకోటి, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఖాళీ చేసే ముందు రెండు వారాల్లోపు ఇల్లు వచ్చి చూడమని మేనేజర్ని అడిగే హక్కు 2003 నుంచీ మనకుంది. దాన్ని ఇనీషియల్ ఇన్‌స్పెక్షన్ అంటారు. వాళ్ళు వచ్చి చూసి, ఏవేవి బాగులేవో కాగితం మీద రాసివ్వాలి. వెళ్ళేలోపు అవి మనం సరిచేసుకోవచ్చు. పరీక్షకి ముందే ప్రశ్నపత్రం ఇచ్చినట్టు! ఇలా అడగొచ్చని వాళ్ళే రాతపూర్వకంగా తెలియజెయ్యాలి. 2009లో మాకొచ్చిన కాగితాల్లోనూ ఉండే ఉంటుంది, చదివిందెవరు?

2025లో సన్నీవేల్ ఇల్లు ఖాళీ చేసినప్పుడు అడిగాం. వచ్చినాయన అరగంట తిరిగి నాలుగు రాశాడు: ఫ్యాన్ జాలీ, టబ్బు అంచున నలుపు, ఒక బ్లైండ్ రేకు, గరాజ్‌లో నూనె చుక్కలు. నేను వారం రోజులు అలమరలన్నీ తోమిపెట్టాను, వాటివంక కన్నెత్తి చూడలేదు. గరాజ్ మాత్రం నాకసలు తట్టనే లేదు. ఆ శనివారం మావారు పిల్లి మలానికి వాడే మట్టి తెచ్చి నూనె మీద చల్లి, మర్నాడు ఊడ్చేశారు.

శుభ్రం చేశాక ప్రతి గదీ, ప్రతి అలమరా లోపలా ఫోటోలు తియ్యండి. ఫ్రిజ్ లోపల, ఓవెన్ లోపల కూడా. 2025 ఏప్రిల్ నుంచి కాలిఫోర్నియాలో యజమానులు కూడా ఖాళీ అయ్యాక ఫోటోలు తియ్యాలని చట్టం వచ్చింది. అయినా మనవి మనకుండాలి. ఇల్లు వదిలాక 21 రోజుల్లో మిగిలిన డబ్బూ, కోసినదానికి లెక్కా పంపాలి. మరమ్మతులూ శుభ్రమూ కలిపి 125 డాలర్లు దాటితే రసీదులు జతచెయ్యాలి. లేకపోతే ముందు ఒక ఉత్తరం రాయండి. దానికీ పలక్కపోతే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు ఉంది, అక్కడ లాయర్ అక్కర్లేదు. డబ్బు దురుద్దేశంతో ఆపారని తేలితే డిపాజిట్‌కి రెండింతల దాకా అదనంగా ఇప్పించే అధికారం జడ్జికి ఉంది.

వేరే రాష్ట్రాల్లో వింటున్నవాళ్ళు గడువు మాత్రం చూసుకోండి. టెక్సస్‌లో 30 రోజులు, న్యూయార్క్‌లో 14. టెక్సస్‌లో మీ కొత్త అడ్రసు రాసివ్వకపోతే డబ్బు పంపాల్సిన బాధ్యత వాళ్ళ మీద పడదు. మాటతో చెబితే చాలదు.

వాసన గురించి ఇంకొక్క మాట. 2017లో ఇంగ్లండ్‌లో చాలా ఇళ్ళున్న ఒక యజమాని, కూర వాసన మిగిలిపోతుందని చెప్పి భారతీయులకీ పాకిస్తానీలకీ ఇళ్ళివ్వొద్దని నియమం పెడితే, అది చెల్లదని కోర్టు తేల్చింది. జాలీకి పట్టిన నూనెకి లెక్క కట్టడం వేరు, మనం తినే తిండికి లెక్క కట్టడం వేరు. మొదటిది కాగితం మీద ఉంటే తోమేద్దాం. రెండోది ఉంటే అది ఏ మరకకో, ఎక్కడుందో చూపించమని అడగండి. 2009లో నేను అడగలేదు.

సన్నీవేల్ నుంచి 19వ రోజున చెక్కు వచ్చింది. బ్లైండ్ రేకుకి 35 డాలర్లు కోశారు, రసీదు కూడా పెట్టారు. అది మా చిన్నాడు బంతితో విరగ్గొట్టిందే కాబట్టి మేం మాట్లాడలేదు. తాళాలు అప్పగించేటప్పుడు పోస్ట్ బాక్స్ తాళంచెవీ, గరాజ్ రిమోటూ లెక్కపెట్టి ఇచ్చి, ఇచ్చినట్టు సంతకం తీసుకోండి. మా రిమోటు కారు సన్‌వైజర్‌కే ఉండిపోయింది, మళ్ళీ నలభై నిమిషాలు వెనక్కి వెళ్ళాం.

సెలవు.