ధర రాయని గుర్రం: కొనేవాడు అడగాల్సినవి

పాడేరు: ‘‘గుర్రం అమ్మబడును. ఈడు 5 సంవత్సరములు. సాధువు. మోతకు అలవాటు కలదు. ధర ముఖాముఖి మాట్లాడుకొనవచ్చును.’’ గుర్రాల అమ్మకపు ప్రకటనలు చాలావరకు ఈ తీరుగానే ఉంటాయి. గోడకు అంటించిన కాగితమైనా, సెల్‌ఫోన్లలో చేతులు మారే ఫొటో అయినా అందులో అన్నీ ఉంటాయి, ధర తప్ప.

మన్యంలో గుర్రం పెళ్ళి ఊరేగింపు కోసం కాదు. జీపు ఎక్కని కొండమీది గూడేలకు బియ్యం, ఉప్పు, నూనె చేర్చేది గుర్రమే. అక్కడ పండిన పసుపు, మిరియాలు, రాజ్‌మా గింజలను సంతకు దించేదీ గుర్రమే. పంట డబ్బు అంతా పెట్టి గుర్రం కొనే రైతుకు ఒక్క బేరం చెడితే, మరొకటి కొనే శక్తి ఉండదు. కాబట్టి ధర లేని ప్రకటన చూసి బయలుదేరేవారు ఏమి అడగాలో ముందే తెలుసుకోవడం మంచిది.

ధర ఎందుకు రాయరు?

ధర రాస్తే అమ్మేవాడు అంతకు మించి అడగలేడు. రాయకపోతే వచ్చినవాడి అవసరం చూసి అడగవచ్చు. ఎంత దూరం నుంచి వచ్చాడు, వెంట తెలిసినవాళ్ళు ఉన్నారా, ఇవాళే తోలుకుపోవాలనే తొందర ఉందా అన్నవి మాటల్లోనే బయటపడతాయి. ‘‘ఎంత బాబూ?’’ అని అడిగితే ‘‘నువ్వే చెప్పు తమ్ముడూ, ఎంతలో చూస్తున్నావు?’’ అని ఎదురుప్రశ్న వచ్చేది అందుకే.

అలాగని ధర రాయనివారందరూ మోసగాళ్ళు కారు. గుర్రం సిమెంటు బస్తా కాదు. ఈడు, ఎత్తు, నడక, అలవాటును బట్టి ఒక్కో గుర్రానిది ఒక్కో ధర. అయితే మొదటి అంకె కొనేవాడి నోటి నుంచి రాకూడదు. రెండు మూడు చోట్ల ఇటీవల ఎంతకు అమ్ముడయ్యాయో విచారించుకుని వెళితే ఎదురుప్రశ్నకు తడబడనవసరం లేదు.

తువ్వాలు కింద వేళ్ళు

సంతల్లో ఇంకో పద్ధతి ఉంది. ఇద్దరు బేరగాళ్ళు తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని ధర తేల్చుకుంటారు. పట్టుకున్న వేళ్ళను బట్టి అంకె. అది వందలా, వేలా అన్నది పశువును బట్టి వాళ్ళకే అర్థమవుతుంది. పక్కన నిలబడిన సొంతదారుకు గానీ, డబ్బు ఇచ్చేవాడికి గానీ అసలు ధర తెలియదు. మధ్యలో ఎంత మిగిలిందో దళారికే తెలుసు. వ్యవసాయ మార్కెట్లలో ఈ గుడ్డ చాటు బేరాన్ని తప్పించడానికే బహిరంగ వేలం పద్ధతి తెచ్చారు. గుర్రం బేరంలోనూ ‘‘ధర నోటితో చెప్పండి, నలుగురిలో చెప్పండి’’ అని అడిగే హక్కు కొనేవాడికి ఉంది.

చట్టం ఏమంటుంది?

ప్రకటన అనేది బేరానికి పిలుపు మాత్రమే. అది చూసి వెళ్ళినంత మాత్రాన అమ్మేవాడు అమ్మి తీరాలని లేదు, కొనేవాడు కొని తీరాలనీ లేదు.

‘‘ముందు తోలుకుపో, ధర తర్వాత చూద్దాం’’ అనే మాటతోనే చిక్కు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 9వ సెక్షను ప్రకారం, ధర తేలకుండా అమ్మకం జరిగితే కొన్నవాడు ‘న్యాయమైన ధర’ ఇవ్వాలి. ఏది న్యాయమైన ధర అన్నది ఆయా పరిస్థితులను బట్టి తేలేది. అంటే తగువు కోర్టుదాకా పోవచ్చు. ధర ఖాయం కానిదే కళ్ళెం పట్టుకోకూడదు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను మోసం అంటే ఏమిటో చెబుతూ గుర్రాన్నే ఉదాహరణగా తీసుకుంది. గుర్రంలో లోపం ఉందని తెలిసీ అమ్మేవాడు వేలంలో ఏమీ మాట్లాడకపోతే అది మోసం కాదు. కానీ కొనేవాడు ‘‘నువ్వు కాదనకపోతే గుర్రం బాగానే ఉందని అనుకుంటాను’’ అని అడిగినప్పుడు ఊరుకుంటే, ఆ మౌనం మాటతో సమానం. అడగని వాడికీ అడిగిన వాడికీ చట్టం దగ్గర ఉన్న తేడా అదే.

మరో మెలిక 19వ సెక్షనులో ఉంది. మామూలు జాగ్రత్తతో చూస్తే తెలిసిపోయే లోపాన్ని చూసుకోకుండా కొని, అమ్మినవాడు చెప్పలేదంటే బేరం రద్దు కాదు. కాబట్టి అడగాలి, చూడాలి కూడా.

ఏమి చూడాలి?

పళ్ళు: ముందు పాలపళ్ళు రాలి గట్టిపళ్ళు రావడం రెండున్నర ఏళ్ళకు మధ్య జతతో మొదలవుతుంది. మూడున్నరకు పక్క జత, నాలుగున్నరకు చివరి జత వస్తాయి. అయిదేళ్ళకు నోరు నిండుతుంది. ఆ తర్వాత కింది పళ్ళమీది గుంటలు వరుసగా అరిగి, ఎనిమిదేళ్ళు వచ్చేసరికి దాదాపు పోతాయి. ‘అయిదేళ్ళది’ అని చెప్పిన గుర్రం పళ్ళు నున్నగా అరిగి ఉంటే అనుమానించాలి.

నడక: గట్టి నేలమీద నడిపించి, పరుగెత్తించి చూడాలి. కుంటే గుర్రం తల ఊపుతుంది. నాలుగు గిట్టలూ ఎత్తి చూడాలి. పరుగు తర్వాత దగ్గు, ఆయాసం ఉన్నాయేమో గమనించాలి.

మోత: ‘‘రెండు బస్తాలు మోస్తుంది’’ అంటే సంబరపడవద్దు. 1965 నాటి నిబంధనల ప్రకారం పొట్టి గుర్రంపై మోపదగిన బరువు 70 కిలోలే. గుర్రాల వ్యాపారి దగ్గర కొనేటప్పుడు ‘‘కొండ దారిన మోతకు కావాలి’’ అని నోరు తెరిచి చెప్పాలి. పని ఏమిటో చెప్పి అతని మాట నమ్మి కొన్నామంటే, ఆ పనికి పనికిరానప్పుడు చట్టం ఆసరా ఇస్తుంది.

జబ్బు: ముక్కునుంచి చిక్కటి చీమిడి, కాళ్ళ వెంట గడ్డలు, పుండ్లు ఉంటే గ్లాండర్స్ కావచ్చు. అది మనుషులకూ అంటే ప్రాణాంతక వ్యాధి. రుజువైతే గుర్రాన్ని చంపక తప్పదు. అనుమానం ఉంటే బేరానికి ముందే పశువైద్యునికి చూపించి రక్తపరీక్ష కోరాలి. హర్యానాలోని హిస్సార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో ఈ పరీక్ష చేస్తారు.

కాగితం ముక్క

ధర తేలాక గుర్రం రంగు, మచ్చలు, ఈడు, ధర, తేదీ, ‘ఫలానా పనికి బాగుందని చెప్పి అమ్మితిని’ అన్న మాట ఒక కాగితంపై రాయించుకుని, ఇద్దరు సాక్షులతో సంతకాలు పెట్టించాలి. బయానా ఇస్తే ఎంత ఇచ్చారో, బేరం తప్పితే అది తిరిగి వస్తుందో రాదో అందులోనే రాయించాలి.

గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ ఉండదని మన పెద్దలు ఊరికే అనలేదు. పనికిరాని గుర్రం కొన్నవాడు ధర ఒక్కసారి ఇస్తాడు, దాణా రోజూ పెడతాడు. అడగనిదే అమ్మయినా పెట్టదు. అలాంటప్పుడు అమ్మేవాడు అడగకుండానే అన్నీ చెబుతాడని అనుకోవడం ఎందుకు?