విటమిన్ 'డి' బిళ్ళలు కొలెస్టరాల్‌ను తగ్గిస్తాయా?
మన సభ్యుల ఇళ్ళలోని ఆడపిల్లలు ఎందరో ఈనాడు ఉద్యోగాలకు పట్నం పోతున్నారు. పొద్దున్నే రైలెక్కి నాంపల్లి స్టేషనులో దిగి, ఆబిడ్స్ బట్టల దుకాణాలలో, ఆఫీసులలో ట్యూబులైటు కింద పగలంతా గడిపి చీకటి పడ్డాక ఇల్లు చేరుతారు. ఇంటిదగ్గర తల్లి మాత్రం ఎండలో గడ్డి కోస్తుంది. ఒకే ఇంటిలో ఇద్దరికీ అందే ఎండ వేరు. తిరుపతి ప్రాంతంలో డాక్టర్ హరినారాయణ్, సహచరులు జరిపి 2007లో ప్రచురించిన పరిశోధనలో, పల్లెవాసుల కంటే పట్నవాసులలో విటమిన్ 'డి' తక్కువని తేలింది.

ఇట్టి పిల్లలలో కొందరికి నెలసరి సక్రమంగా రాదు. మొటిమలు, ముఖాన వెంట్రుకలు వస్తాయి, బరువు పెరుగుతుంది. పరీక్షించి డాక్టర్లు పి.సి.ఓ.ఎస్. అంటారు. ఇది హార్మోనుల తేడా వల్ల వచ్చేది, పిల్ల తప్పు ఏమీ లేదు. పల్లెలోని వారికీ వస్తుంది. చాలామందిలో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అప్పుడు కాలేయం కొవ్వును అధికంగా తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, మంచి కొలెస్టరాల్ తగ్గుతుంది. అందుకే వయసు, బరువు ఎంతైనా ఈ లోపం తేలగానే కొలెస్టరాల్ పరీక్ష చేయించాలని 2023లో వెలువడిన అంతర్జాతీయ సూచనలు చెబుతున్నాయి.

మరి విటమిన్ 'డి' సంగతి ఏమిటి? ఎండ తగిలినప్పుడు చర్మంలో కొలెస్టరాల్‌కు దగ్గరి పదార్థం నుండి ఇది తయారవుతుంది. అంతమాత్రాన విటమిన్ తీసుకుంటే కొలెస్టరాల్ ఖర్చయిపోతుందని అనుకోరాదు. పి.సి.ఓ.ఎస్. ఉన్న స్త్రీలపై జరిగిన కొన్ని చిన్న పరిశీలనలలో కొలెస్టరాల్, ట్రైగ్లిజరైడ్లు కొంత తగ్గాయి. మరికొన్నింటిలో తేడా కనబడలేదు. అమెరికాలో 25,871 మందిపై జరిపి 2018లో ఫలితాలు వెల్లడించిన పెద్ద పరిశోధనలో రోజుకు 2,000 యూనిట్ల విటమిన్ 'డి' ఇచ్చినా గుండెపోట్లు తగ్గలేదు. కనుక లోటు ఉన్నవారికి ఎముకల బలానికి ఈ విటమిన్ అవసరమే కాని, కొలెస్టరాల్‌కు మందుగా దీనిని నమ్ముకోరాదు.

ఇక్కడే ఒక ప్రమాదం ఉన్నది. 60,000 యూనిట్ల పొట్లం సాధారణంగా వారానికి ఒకటి చొప్పున, డాక్టరు చెప్పినన్ని వారాలు మాత్రమే వాడవలసినది. కొందరు దానిని రోజూ వేసుకుంటారు. డాక్టరు పర్యవేక్షణ లేకుండా పెద్దలు రోజుకు 4,000 యూనిట్లు మించరాదు. మించితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, అతిదాహం, మలబద్ధకం వస్తాయి, మూత్రపిండాలు చెడిపోవచ్చు.

పాల సంగతి మనకు తెలియాలి. కేంద్రంలో మనం పోసే పాలలో కాల్షియం పుష్కలం, విటమిన్ 'డి' మాత్రం బహు స్వల్పం. కొన్ని డెయిరీలు కర్మాగారంలో దానిని కలుపుతాయి. ప్యాకెట్టుపై కూడిక గుర్తు, ఎఫ్ అక్షరం ఉంటే అవి బలవర్ధక పాలు. 2018 నిబంధనల ప్రకారం లీటరుకు 200 నుండి 300 యూనిట్లు కలపాలి. అంటే 200 మిల్లీలీటర్ల గ్లాసులో 40 నుండి 60 యూనిట్లు. పెద్దలకు రోజుకు కావలసినది 600. పాలు ఒక్కటే లోటు తీర్చలేవు. అలాగని కొలెస్టరాల్‌కు భయపడి పాలు మానవద్దు. 3 శాతం వెన్న ఉన్న టోన్డ్ పాలో, 1.5 శాతం ఉన్న డబుల్ టోన్డ్ పాలో తాగవచ్చు. టీలో చక్కెర తగ్గించడం మరింత మేలు.

పట్నంలో పనిచేసే పిల్లకు మేము చెప్పేది ఇదే. మధ్యాహ్న విరామంలో, వీలైతే 11 నుండి 2 గంటల మధ్య, నాంపల్లి పబ్లిక్ గార్డెన్సులోనో రోడ్డు వెంటనో కాసేపు నడవండి. కిటికీ అద్దం గుండా వచ్చే ఎండ పనికిరాదు. వారానికి కనీసం 150 నిమిషాల నడక ఇన్సులిన్‌కూ, కొవ్వుకూ మేలు చేస్తుంది. నెలసరి తప్పుతూ ఉంటే దాచుకోక స్త్రీల డాక్టరుకు చూపించండి. బిళ్ళ వేసుకునే ముందు పరీక్ష, ఎన్నాళ్ళు వాడాలో చీటీ అడిగి తీసుకోండి.

ఈ విషయాన్ని సంఘ సమావేశంలో మహిళా సభ్యులకు చదివి వినిపించవలసిందిగా కార్యదర్శులను కోరుతున్నాము.