కారు ఒక ఎత్తు... హంగులు మరో ఎత్తు!

భీమవరం: పట్టణానికి కూతవేటు దూరంలో ఓ పల్లెటూరు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇంటిల్లిపాదీ అరుగు మీదికి చేరారు. మధ్యలో షోరూము వారిచ్చిన నాలుగు పేజీల కాగితం. కొద్దిపాటి వరి, ఒక చేపల చెరువు ఉన్న ఆ ఇంటికి ఇదే మొదటి కారు. మొన్నటి పట్టుబడిలో మిగిలిన డబ్బు, దానికి తోడు బ్యాంకు అప్పు. అంతకు మించి రూపాయి వచ్చే దారి లేదు. రంగు ఏదన్నది పావుగంటలో తేలిపోయింది. తేలనిది ఆ తర్వాతి సంగతే. కారు ధర కింద వరసగా పదహారు పద్దులున్నాయి. సీటు కవర్లు, మ్యాట్లు, అడుగున పూత, పైన మెరుగు పూత, తలుపులకు క్రోమ్ పట్టీలు, పాటల పెట్టె... అన్నీ కూడితే అరవై వేలు!

"సన్‌రూఫ్ లేకపోతే కారు కొన్నట్టే ఉండదు నాన్నా!" అంటాడు కొడుకు.

"మన ఎండల్లో నెత్తి మీద కప్పు తెరుచుకుని తిరిగేదెవడ్రా?" అన్నది తండ్రి ప్రశ్న.

"పైకప్పు మాట తర్వాత చూద్దామండి మావయ్యగారూ. బాబు సీటు బిగించడానికి వెనకాల కొక్కేలు ఉన్నాయో లేదో ముందు అడగండి" అని కోడలు గుర్తు చేసింది.

"మోకాళ్లు పట్టేయకుండా ఎక్కి దిగేలా ఉంటే చాలు నాకు" అని నాయనమ్మ తేల్చేసింది. నిజానికి ఆ నలుగురిలో అసలైన ప్రశ్న వేసింది ఆవిడే. కారు సీటు ఎంత ఎత్తులో ఉందో ఏ కాగితం చూసినా తెలియదు. ఆవిడను షోరూముకు తీసుకెళ్లి ఒకసారి కూర్చోబెడితే గాని తేలదు.

ఒకప్పుడు ఈ చర్చలే లేవు. అంబాసిడరో, ఫియట్టో బుక్ చేసి ఏళ్ల తరబడి ఎదురుచూసే రోజుల్లో కారు చేతికి రావడమే గగనం. రేడియో కావాలన్నా, ఫ్యాను కావాలన్నా ఆ తర్వాత మెకానిక్కు షెడ్డులో బిగించుకునేవారు. 1983 డిసెంబర్ 14న మొదటి మారుతి 800 యజమాని చేతికి వెళ్లాక బజారు మెల్లగా మారింది. ఇప్పుడు ఒకే కారులో అరడజను వేరియంట్లు. వాటి మీద మళ్లీ విడి సామాన్లు. దొరకని బాధ పోయి, ఎంచుకోలేని బాధ వచ్చింది.

తర్వాత దొరికేది... దొరకనిది

కాగితంలోని పద్దులను రెండు కుప్పలుగా విడదీస్తే సగం చిక్కు వీడిపోతుంది. కారు ఇంటికొచ్చాక కూడా బిగించుకోగలిగినవి ఒక కుప్ప. ఫ్యాక్టరీలో తప్ప మరెక్కడా కుదరనివి ఇంకో కుప్ప. మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, ఫోన్ పెట్టుకునే స్టాండు, పార్కింగ్ కెమెరా, చివరికి పాటల పెట్టె కూడా ఆర్నెల్ల తర్వాతైనా వేయించుకోవచ్చు. కాని పక్క ఎయిర్‌బ్యాగులు, జారిపోతున్న కారును దారిలో పెట్టే ఈఎస్‌సీ, పిల్లల సీటు కోసం వచ్చే ఐసోఫిక్స్ కొక్కేలు, వెనక మధ్య సీటుకు మూడు పాయింట్ల బెల్టు, ఎత్తు సరిచేసుకునే డ్రైవరు సీటు - ఇవి ఏ మెకానిక్కూ తర్వాత బిగించలేడు. ఉన్న కొద్దిపాటి డబ్బు ముందుగా ఈ రెండో కుప్పకు పోవాలి. మన వాళ్లు చాలామంది దీనికి సరిగ్గా తిరగేసి చేస్తున్నారు. కింది వేరియంట్ తీసుకుని, మిగిలిన డబ్బును క్రోమ్ పట్టీల మీద పోస్తున్నారు.

కొన్ని వస్తువులను సేల్స్ కుర్రాళ్లు "మా కారులో ఇదో ప్రత్యేకత" అని చూపిస్తారు గాని అవి చట్టం ప్రకారం ఇచ్చి తీరాల్సినవే. వెనక పార్కింగ్ సెన్సర్లు, బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట, 80 కిలోమీటర్ల వేగం దాటితే వచ్చే హెచ్చరిక 2019 జులై నుంచి తప్పనిసరి. ముందు సీట్లలో ఇద్దరికీ ఎయిర్‌బ్యాగులు ఉండాలన్న నిబంధన 2022 నాటికి కొత్త కార్లన్నిటికీ వర్తించింది. వీటి కోసం ప్రత్యేకంగా ధర కట్టనక్కర్లేదు. ప్రమాద పరీక్షల్లో కారుకు ఎన్ని నక్షత్రాలు వచ్చాయో చెప్పే భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. అయితే పరీక్షకు పంపడం కంపెనీ ఇష్టం. కాబట్టి నక్షత్రాల మాట షోరూములో అడిగి తెలుసుకోవాల్సిందే.

సీటు కవరుతో చిక్కు

పద్దుల్లో మొదటిది, అందరూ ఆలోచించకుండా టిక్కు పెట్టేది సీటు కవర్లు. ఇక్కడే ఒక ముప్పు ఉంది. పక్క ఎయిర్‌బ్యాగులు చాలా కార్లలో సీటు అంచు నుంచే విచ్చుకుంటాయి. బజారులో దళసరి రెక్సిన్‌తో కుట్టించిన కవరు ఆ అంచును బిగించేస్తే, ప్రమాద సమయంలో బుడగ సరిగ్గా విచ్చుకోదు. వేలకు వేలు ఎక్కువ పోసి ఆరు ఎయిర్‌బ్యాగుల బండి కొని, ఆ మర్నాడే మూడు వేల కవరుతో వాటి నోరు కుట్టేసినట్టు! అంచు దగ్గర విడిగా ఊడిపోయేలా కుట్టిన కవర్లు ఉంటాయి. ఆ కారు కోసం కంపెనీ ఒప్పుకున్నవేనా అని అడిగి తీసుకోవాలి.

డాష్‌బోర్డు మీద దేవుడి బొమ్మ సంగతీ అంతే. ఎడమ పక్క మూత కింద ఎయిర్‌బ్యాగు ఉంటుంది. దాని మీద అతికించిన ఇత్తడి బొమ్మ, బుడగ విచ్చుకునే వేగానికి ఎదురుగా కూర్చున్న మనిషి ముఖానికి తగులుతుంది. ఆ సీట్లో కూర్చునేది సాధారణంగా ఇంటి ఇల్లాలే.

ముందు భాగంలో బిగించే ఇనుప గార్డుల మోజు కొన్ని ఊళ్లలో ఇంకా తగ్గలేదు. గేదె అడ్డొచ్చినా బండికి దెబ్బ తగలదన్నది వాళ్ల లెక్క. కాని దెబ్బను తనలోకి తీసుకుని నలిగిపోవాల్సిన ముందు భాగాన్ని ఈ గార్డు నలగనివ్వదు. ఆ అదురు లోపలి వాళ్లకు చేరుతుంది. ఎయిర్‌బ్యాగులకు కబురందే తీరు కూడా మారిపోవచ్చు. ఎదురొచ్చిన సైకిలు మనిషి గతి చెప్పనే అక్కర్లేదు. 2017 డిసెంబర్‌లోనే కేంద్ర రవాణా శాఖ వీటిని తీయించాలని రాష్ట్రాలను ఆదేశించింది. అద్దాలకు నల్ల ఫిలిం అంటించవద్దని సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లోనే చెప్పింది. డబ్బు పెట్టి వేయించుకుని, జరిమానా కట్టి తీయించుకోవడం ఎందుకు?

ఉప్పుగాలి, బురద నీరు

డెల్టా వాళ్లకు ఉండే అవసరాలు మెట్ట ప్రాంతం వాళ్లకు ఉండవు. చెరువు గట్ల మీద ఉప్పునీటి బురదలో తిరిగే బండికి తుప్పు భయం ఉన్నమాట నిజమే. అందుకే అడుగు పూత పద్దు దగ్గర ఎవరూ బేరమాడరు. ఇప్పటి కార్ల అడుగు భాగానికి ఫ్యాక్టరీలోనే తుప్పు నిరోధక పూత వేస్తారు. పైన మరో పొర వేయించాలా వద్దా అన్నది కంపెనీ పుస్తకం చూసి నిర్ణయించుకోవాలి. వేయించినా, నీరు కారిపోయేందుకు వదిలిన చిల్లులు మూసుకుపోకుండా చూడాలి. అవి మూసుకుంటే లోపల నిలిచిన నీరే తుప్పు పట్టిస్తుంది. చెరువు నుంచి వచ్చిన రోజున అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడగడం ఏ పూతకూ తీసిపోదు. పైగా ఖర్చు లేదు.

స్టెప్నీ విషయం చాలామంది గమనించరు. కొన్ని వేరియంట్లలో అదనపు చక్రానికి బదులు పంచరు కిట్టు ఇస్తున్నారు. సీఎన్‌జీ బండ్లలో సిలిండరు డిక్కీని ఆక్రమించడమూ ఉంది. రెండు బియ్యం బస్తాలు పడతాయనుకున్న చోట సంచి కూడా పట్టకపోవచ్చు. రాత్రి పూట కాలువ గట్టు మీద టైరు చీరితే పంచరు కిట్టు పనికిరాదు. డిక్కీ తెరిపించి, పరుపు ఎత్తించి కళ్లారా చూసుకోవాలి.

ఇక నీటి ముంపు. 2025 అక్టోబర్ 28 రాత్రి మోంథా తుపాను నరసాపురం దగ్గర్లోనే తీరం దాటింది. ఇలాంటి రోజుల్లో నీళ్లలో ఆగిన బండిని మళ్లీ స్టార్టు చేస్తే గాలి గొట్టం గుండా నీరు ఇంజినులోకి పోయి లోపలి రాడ్లు వంగిపోతాయి. మామూలు బీమాలో ఈ నష్టానికి సాధారణంగా పరిహారం రాదు. ఇంజిను రక్షణ అనే అదనపు పద్దు దీని కోసమే ఉంది. మెరుగు పూతకు పెట్టే డబ్బులో కొంత భాగం ఇటు మళ్లిస్తే డెల్టా రైతుకు ఎంతో మేలు. "జీరో డిప్రిసియేషన్" కూడా కొత్త బండికి పనికొచ్చేదే. అది లేకపోతే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో సగం యజమానే భరించాలి. ఇప్పటి బండ్ల బంపర్లన్నీ ప్లాస్టిక్కే మరి!

బీమా షోరూములోనే చేయించాలన్న నిర్బంధం ఏమీ లేదు. మూడేళ్ల థర్డ్ పార్టీ బీమా 2018 సెప్టెంబర్ నుంచి కొత్త కార్లకు తప్పనిసరి. సొంత నష్టం బీమా మాత్రం ఏడాదికే తీసుకోవచ్చు. బయట రెండు చోట్ల అడిగి ఆ లెక్క చేత్తో పట్టుకెళితే షోరూములోనూ ధర దిగుతుంది. బయట వేయించిన పాటల పెట్టె వంటివి పాలసీలో రాయించకపోతే అవి పోయినప్పుడు అడిగే హక్కు ఉండదు. వాటి కోసం వైర్లు కోస్తే వారంటీకీ ఎసరు.

అరవై వేలు అరవై వేలేనా?

కారు ధరతో పాటే ఈ సామాన్లనూ అప్పులో కలిపేస్తారు. "నెలకు వెయ్యి రూపాయలు కూడా పడదండి" అని చెబుతారు. వడ్డీ 9.5 శాతం, గడువు ఏడేళ్లు అనుకుంటే అరవై వేలకు నెల వాయిదా సుమారు రూ. 980. ఏడేళ్లకు కట్టేది రూ. 82 వేల పైచిలుకు. సీటు కవర్లు మూడేళ్లకే చిరిగిపోతాయి. వాయిదాలు మాత్రం ఇంకో నాలుగేళ్లు నడుస్తాయి. నిజంగా అవసరమైన సామాను చేతి డబ్బుతో కొనడమే నయం.

పై వేరియంట్‌కు ఎగబాకేటప్పుడు పది లక్షల గీత ఒకటి చూసుకోవాలి. ధర పది లక్షలు దాటితే జీవితకాల పన్ను శాతం కూడా పెరుగుతుంది. దానికి తోడు ఒక శాతం టీసీఎస్ వసూలు చేస్తారు. అది ఆదాయపు పన్ను రిటర్నులో తిరిగి అడగొచ్చు గాని, ముందు చేతిలోంచి పోవాల్సిందే. చిన్న కార్లపై జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి తగ్గింది. అలా మిగిలిన డబ్బును చూపించే చాలామందిని పై మెట్టు ఎక్కిస్తున్నారు.

అరుగు మీద పంచాయతీ మళ్లీ మొదటికొచ్చింది. సన్‌రూఫ్ ఉన్న వేరియంట్ పది లక్షలు దాటుతోంది. దాని కింది దాంట్లో ఆరు ఎయిర్‌బ్యాగులు, ఐసోఫిక్స్, స్టెప్నీ ఉన్నాయి. కొడుకు కాసేపు గునిశాడు. "సన్‌రూఫ్‌లోంచి బాబు తల బయట పెడితే నువ్వు బండి నడుపుతావా, వాణ్ణి పట్టుకుంటావా?" అని తండ్రి అడిగేసరికి నవ్వేసి ఊరుకున్నాడు. పదహారు పద్దుల్లో పన్నెండు కొట్టేశారు. మ్యాట్లు, మడ్ ఫ్లాపులు ఉచితంగా ఇమ్మని అడగాలని, ఇస్తేనే అడ్వాన్సు కట్టాలని అనుకున్నారు. సీటు కవర్లు కంపెనీవే. ఇంజిను రక్షణతో బీమా. బాబు సీటును బజారులో విడిగా కొనడానికి ఒప్పుకున్నారు.

"మరి వెంకన్న బాబు ఎక్కడ కూర్చుంటాడర్రా?" అని నాయనమ్మ అడిగింది.

కొడుకు కాగితం వెనక డాష్‌బోర్డు బొమ్మ గీసి చూపించాడు. ఎడమ పక్క కుదరదు. అద్దానికి వేలాడదీస్తే దారి కనపడదు. చివరికి స్పీడోమీటరు పక్కన ఖాళీ జాగాలో చిన్న పటం అతికించడానికి ఆవిడ ఒప్పుకుంది. అయితే తనను షోరూముకు తీసుకెళ్లి, సీట్లో కూర్చోబెట్టాకే అడ్వాన్సు కట్టాలని షరతు పెట్టింది. సోమవారం ఉదయం బస్సుకు అందరూ కలిసి వెళుతున్నారు.